అంకెకును మనిషికిని నడుమ

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠము)



సుబ్బారావుగారి స్మృత్యర్థము జరుగు ఈ సభలో ప్రసంగింపుమని నన్ను కోరినప్పుడు, ఆయన పేరు వినగానే ఎల్లరకును తోచు మందులను గూర్చియే, అనగా ఫోలికామ్లమును, ఆరియోమైసినును, నేటికిని బోదకాలు నివారణకై మన పల్లెలలో ఇంటింటను పంచిపెట్టబడుచున్న డైయెథిల్ కార్బమజీను మాత్రలను గూర్చియే, నేను మాటలాడుదునని మీరు తలంచియుందురు. నేను ఎన్నుకొన్న విషయము వానికి మిక్కిలి దూరమైనదిగా కనబడును. చేతిలోని ఫోనులో మన ఆరోగ్యమును దినదినమును లెక్కగట్టు యాపును దయతో నిర్మించుట ఎట్లు అన్నది నేటి ప్రస్తావము. అయినను, 1895లో భీమవరమున జన్మించిన ఆ మహనీయుని పేరు శాస్త్రలోకమున మొదట ప్రాకినది ఒక మందువలన కాదు, ఒక కొలతవలన. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కూడి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతి, నెత్తురులోను మూత్రములోను ఉన్న భాస్వరమును ఒక నీలిరంగుయొక్క గాఢతనుబట్టి నిర్ణయించునట్టిది. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను జాడ దొరకినది ఆ కొలతను పట్టుకొని పోగానే. కొలుచుట యెరిగిన ఆ చేతికి రోగి మంచముయొక్క అనుభవమును కొఱవడలేదు. స్ప్రూ అను వ్యాధి సోదరులను పొట్టన బెట్టుకొనగా, తానును అదే వ్యాధితో శుష్కించి, మదరాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బయటపడినవాడాయన.

ఆ కాలపు కొలత ప్రయోగశాలలో పుట్టి రోగి చెవి చేరులోపల ఎందరి చేతులు మారుచుండెనో ఆలోచింపుడు. రసాయనజ్ఞుడు అంకెను కాగితముపై వ్రాయును. వైద్యుడు ఆ కాగితమును చూచి, పిమ్మట ఎదుటనున్న ముఖమును చూచి, ఈ పూట ఎంతవరకు చెప్పవచ్చునో, ఏది వచ్చే వారమునకు ఆపవలెనో, ఏది ముందుగా ఇంటివారితో అనవలెనో నిశ్చయించుకొనును. ఆ ఆలోచన అంతయు అరనిమిషములో ముగిసెడిది. ఎవరును దానికి రుసుము కట్టియెరుగరు. నేడో, మణికట్టున నున్న గడియారము తెల్లవారుజామున మూడు గంటలకు నిద్ర పట్టని మనిషికి అతని నాడి ఎంత వేగముగా కొట్టుకొనుచున్నదో చూపును, చూపి ఊరకుండును. అంకె మిగిలినది, కొలత సులభమైనది, నడుమనున్న మనిషి మాత్రము తొలగిపోయినాడు. అతడు చేయుచుండిన పనిలో కొంతయైనను యాపు చేయవలసియున్నది. చేయలేని తావున, తనకది చేతకాదని యెరిగి మెలగవలసియున్నది.

ఈ రంగములో దయ యనగానే పలువురికి స్ఫురించునవి తియ్యని పలుకులు, తెరపై రాలు పూరేకులు, చప్పట్లు కొట్టు బొమ్మలు. కీళ్లనొప్పులతో రాత్రియంతయు మేలుకొన్న ముసలమ్మకు ఉదయమున “అద్భుతం!” అని కేక వేయు ఫోనువలన కలుగు ఊరట ఏపాటిదో నాకు తెలియదు. దయ మాటలలో కంటె ముందుగానే, నిర్మాత తన బల్లయొద్ద కూర్చుండి చేసికొను నిర్ణయములలో నుండును: ఏమి అడుగవలెను, ఏమి అడుగరాదు, ఎప్పుడు పలుకవలెను, ఎవరికి తెలియనీయరాదు. ఇవి పైకి కనబడవు. కనబడకుండుటయే వాని లక్షణము.

మనిషి తన్ను తాను తూచుకొనుట క్రొత్త వింత కాదు. పాదువా నగరపు వైద్యుడు సాంక్టోరియస్ ఒక పెద్ద త్రాసునకు కుర్చీని వ్రేలాడగట్టి, అందులో కూర్చుండి, తినిన తిండిని, విసర్జించిన మలమూత్రములను, తన దేహభారమును ఏండ్ల తరబడి తూచి, 1614లో ఆ ఫలితములను గ్రంథముగా వెలువరించెను. కాని ఆయన తన సందేహమును తానే తీర్చుకొనుటకై తూచుకొన్నాడు. మనమో, ఎవరో నిర్ణయించిన లక్ష్యమును అందుకొనుటకై లెక్కించుకొనుచున్నాము. ఆ లక్ష్యములలో మిక్కిలి ప్రసిద్ధమైనది దినమునకు 10,000 అడుగులు. అది ఏ వైద్యమహాసభలోనో తీర్మానింపబడినదని నమ్మువారు అనేకులు. 1964 నాటి టోక్యో ఒలింపిక్ క్రీడల ఉత్సాహము చల్లారకముందే, 1965లో, యామాసా అను జపాను సంస్థ నడుమునకు తగిలించుకొను అడుగుల మీటరు నొకదానిని విపణిలో ప్రవేశపెట్టి, దానికి పదివేల అడుగుల మీటరు అని పేరు పెట్టినది. ఆ పేరే కాలక్రమమున ఆజ్ఞయైనది. 2019లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, సగటున 72 ఏండ్ల వయసుగల స్త్రీలలో దినమునకు సుమారు 4,400 అడుగులు నడచువారికి 2,700 మాత్రమే నడచువారికంటె మరణభయము తక్కువగా నున్నదనియు, 7,500 దాటిన పిమ్మట అదనపు మేలు కనబడలేదనియు తేలినది. నాలుగువేల అడుగులు నడచి ఇంటికి చేరిన వృద్ధురాలికి ఇంకను ఆరువేలు బాకీ యున్నవని చెప్పు యాపు, అబద్ధమాడుటయే గాక అపకారమును చేయుచున్నది. అందునను రోహిణికార్తె ఎండలో, రెంటచింతలలోనో రామగుండములోనో మిట్టమధ్యాహ్నము “లేచి నడవండి” అని ఫోను మ్రోగుట దయ ఎట్లగును? ఎండ ఎంత కాయుచున్నదో ఆ ఫోనుకు తెలియును, తెలిసియు ఆగదు.

బాకీని మించిన బెడద స్ట్రీకు. ఒక్కనాడును తప్పక లక్ష్యము పూర్తిచేసిన రోజుల వరుసకు యాపుల నిర్మాతలు పెట్టిన పేరది. నూరు రోజుల వరుస నూటయొకటవ రోజున జ్వరముచే తెగిపోయినచో, తెరపై మరల సున్న ప్రత్యక్షమగును. దేహము మరచిపోయినదా ఆ నూరు రోజుల నడకను? లేదు, మరచినది లెక్క మాత్రమే. 2015లో వచ్చిన ఆపిల్ గడియారము వలయములు పూర్తిచేయుమని కోట్లమందిని ప్రోత్సహించినది. జబ్బుపడిన దినమున వరుస తెగకుండ ఆ వలయములను నిలిపియుంచు సదుపాయము 2024లో గాని రాలేదు. ఈలోపల స్లొవేనియా దేశములో ఒక చిన్న బృందము విశ్రాంతి దినమును గూడ వ్యాయామక్రమములో భాగముగా లెక్కించు జెంట్లర్ స్ట్రీక్ అను యాపును నిర్మించి, 2022లో ఆ గడియారపు ఉత్తమ యాపుగా ఆపిల్ వారిచేతనే మెప్పు పొందినది. చక్రముల కుర్చీలో తిరుగువారిని “లేచి నిలువుము” అని హెచ్చరించుట తగదని గ్రహించి, 2016లో వారికి వేరు లెక్కను ఏర్పరచినదియు ఆపిల్ సంస్థయే. కావున పెద్ద సంస్థలకు హృదయము లేదని నేను అనను. ఆరోగ్యవంతుడైన యువకుని మనసులో నుంచుకొని వస్తువును నిర్మించి, తక్కినవారిని తరువాత జ్ఞాపకము చేసికొనుట వారి అలవాటు.

నా మట్టునకు, ఒక యాపు దయగలదో కాదో తేల్చుకొనుటకు అందులోని అంకెల పట్టికలను చూడను. ఏమియు వ్రాయబడని దినమున అది ఎట్లు ప్రవర్తించునో చూతును. మన జీవితములలో వ్రాయబడని దినములు అనేకములు. ఇంటిలో ఒకరు గతించినచో పదిదినములు ఎవరును తూనికయెక్కరు, మాత్రలు వేళకు మ్రింగరు, తిన్నదేమో తినలేదేమో ఎరుగరు. బిడ్డ పరీక్షలు, పెండ్లి ప్రయాణములు, పంటకోతలు, ఏకాదశి ఉపవాసములు, రంజాను మాసపు రోజాలు, ఇవన్నియు యాపు దృష్టిలో ‘తప్పిన రోజులు’. మనస్తాపముతో మూలబడినవాని విషయము మరింత విషమము: తన్ను గూర్చి వ్రాసికొను ఓపిక ఏ దినమున అతనికి లేదో ఆ దినమే అతని ఆరోగ్యచరిత్రలో ముఖ్యమైన దినము, ఆ దినమే పట్టికలో ఖాళీగా నుండును. ఆ ఖాళీని ఎఱ్ఱరంగుతో నింపు యాపు అతనిని రెండవసారి పడద్రోయును. ఎందుకు వ్రాయలేదని అడిగి కారణముల జాబితా ముందుంచునది అంతకంటె క్రూరమైనది. ఏలయన ఆ జాబితాలో చావు ఉండదు, బద్ధకము ఉండును.

అట్టి విరామము తరువాత మనిషి మరల తెర తెరచిన క్షణమును నిర్మాతలు అన్నిటికంటె ఎక్కువ శ్రద్ధతో రచింపవలెను. చాలకాలమునకు వచ్చిన ఆడపడుచును గుమ్మములో నిలిపి, ఇన్నాళ్లు ఎందుకు రాలేదని లెక్క అడుగు పుట్టిల్లు ఎక్కడను ఉండదు. “మళ్లీ వచ్చారు, సంతోషం. ఈ రోజు నుంచి మొదలుపెడదాం” అను రెండు చిన్న వాక్యములు చాలును, వాని క్రింద తప్పిపోయిన దినముల సంఖ్య ఉండరాదు. గడచినవానిని నింపుమని కోరరాదు, ఎందుకనగా జ్ఞాపకముమీద నింపిన అంకెలు చాలవరకు కల్పితములు, కల్పితములైన అంకెలు వైద్యునికి ఖాళీకంటె ప్రమాదకరములు. నెలసరి పటములో ఆ ఖాళీని ఖాళీగానే ఉంచి, గీతను అక్కడ ఆపి, మరల ఇటుప్రక్క ప్రారంభింపవలెను. రెండు కొనలను కలుపుచు సరళరేఖ గీయుట యంత్రమునకు సులభము, కాని ఆ నడుమ ఏమి జరిగినదో ఆ రేఖకు తెలియదు.

గర్భము ధరించిన స్త్రీకి వారము వారము శిశువు ఎంత పెరిగినదో చెప్పు యాపులు కలవు. గర్భము నిలువనివారికి సయితము ఆ సందేశములు ఆగక వచ్చుచుండుట లోకములో ఎందరో చవిచూచిన దుఃఖము. 2018లో అమెరికాలో మృతశిశువును కన్న ఒక పత్రికోద్యోగిని ఇట్టి సంగతినే బహిరంగలేఖగా వ్రాసినది: తనకు అక్కరలేని శిశువస్తువుల ప్రకటనలను ఆమె వద్దని నొక్కగా, కాన్పు సుఖముగా ముగిసినదని యంత్రము ఊహించుకొని, బాలెంతకు కావలసిన వస్తువులను చూపనారంభించినదట. ఇట్టి యాపులో ‘ఇక చాలును’ అని చెప్పుటకు ఒక్క మీట ఉండవలెను; అది మూడు తెరల లోపల దాగియుండరాదు, నొక్కిన పిమ్మట కారణము అడుగబడరాదు, నొక్కిన మరుక్షణమున సర్వమును ఆగిపోవలెను. గర్భస్రావమైన స్త్రీచేత ప్రశ్నపత్రము నింపించుట ఏ సభ్యతకును తగదు.

అయితే దయ యనగా మెత్తదనమే కాదని యిచట స్పష్టముగా చెప్పవలెను. ఇంటియొద్ద బీపీ చూచుకొనువాడు మెట్లెక్కి వచ్చి వెంటనే పట్టీ కట్టుకొన్నచో అంకె పైకి పోవుట సహజము. అప్పుడు యాపు తెరనంతటిని ఎఱ్ఱబరచక, అయిదు నిమిషములు నిమ్మళముగా కూర్చుండి మరల చూచుకొనుమని, ఒక నిమిషము ఆగి మూడవసారియు చూచుకొనుమని చెప్పవలెను. అట్లుగాక, షుగరు మందు వాడువాని నెత్తురులో చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగిపోయినచో ఆ వేళ ఓదార్పులు పనికిరావు. 15 గ్రాముల చక్కెరను నీళ్లలో కలిపి ఇప్పుడే త్రాగుము, 15 నిమిషములకు మరల చూచుకొనుము, తగ్గుచున్నచో ప్రక్కవారిని పిలువుము అని పెద్ద అక్షరములతో, కొద్ది మాటలతో ఆజ్ఞాపింపవలెను. అవసరములేని వేళ నూరుమార్లు మ్రోగిన ఫోను, అవసరమైన ఆ ఒక్కవేళ మ్రోగినను ఎవరును చెవిని బెట్టరు. తక్కినవేళల మౌనము పాటించుట ఈ ఒక్కవేళకొరకే.

సమగ్రారోగ్యము అను మాట నేడు ప్రతి యాపు ముఖపత్రముమీదను కలదు. సుశ్రుతుడు ఆరోగ్యవంతుని లక్షణములను చెప్పుచు దోషాగ్నిధాతుమలముల సామ్యముతో ఆగక, ఆత్మయు ఇంద్రియములును మనస్సును ప్రసన్నముగా నుండవలెనని చేర్చెను. 1948లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళియు శారీరక, మానసిక, సామాజిక క్షేమమును కలిపి చెప్పినది. ఇంత విశాలమైన భావమును తుదకు ‘మీ ఆరోగ్యము నూటికి 68’ అని ఒక్క అంకెగా కుదించుట నాకెన్నడును సమ్మతము కాదు. ఆ 68లో నిద్ర ఎంత, నడక ఎంత, భార్యావియోగము ఎంత? 2017లో అమెరికాలోని నిద్రావైద్యులు, గడియారము ఇచ్చు నిద్ర మార్కులకై ఆరాటపడి, ఆ ఆరాటమువలననే నిద్రకు దూరమగుచున్న రోగులను వర్ణించి, ఆ స్థితికి ఒక పేరును గూడ పెట్టవలసి వచ్చినది. ఎత్తుబరువులనుబట్టి లెక్కగట్టు బీఎంఐ కథయు ఇట్టిదే. పందొమ్మిదవ శతాబ్దములో బెల్జియము దేశపు ఖగోళజ్ఞుడు కెత్‌లే జనసమూహముల సగటును గ్రహించుటకై కనిపెట్టిన సూత్రము, 1972లో ఆన్సెల్ కీస్ చేత నేటి పేరు పొంది, ఒక్కొక్క మనిషిపై తీర్పు చెప్పు అంకెయై కూర్చున్నది. ఆసియావాసులు 23 నుండియే మెలకువతో నుండుట మంచిదని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించిరి. 25 వరకు పచ్చరంగు చూపు యాపు మనవారి యెడ మెత్తగా ఉన్నట్లు కనబడును, నిజమునకు నిర్లక్ష్యముగా నున్నది.

వంటయింటి విషయమున ఈ నిర్లక్ష్యము మరింత ప్రస్ఫుటము. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకై పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2017లో 528 భారతీయాహార పదార్థముల పోషకవిలువలను పట్టికలుగా ప్రకటించినది. మన గడపలో ఇంత సామగ్రి యుండగా, రాగిసంగటి తినినవానిని ‘ఓట్సు జావ’ అను పేటికలో వేలు పెట్టుమనుట ఎందుకు? అంతకుమించి, తిన్న ప్రతి ముద్దను వ్రాయించుటయే ఒక విధమైన హింస. ఆహారభీతిచే కృశించు యువతులకు కేలరీల లెక్క విషమే యగును. మూడుపూటల వ్రాతకు బదులు వారమున రెండు దినముల వ్రాతతో తృప్తిపడు యాపు నాకు ఇష్టము. ఇక ‘దినమునకు ఎనిమిది గ్లాసుల నీరు’ అను సార్వజనీన ఉపదేశమును శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో, కవిటిలోనో సోంపేటలోనో, మూత్రపిండములు చెడి డయాలసిస్‌పై నున్న జీడితోట కూలికి ఎవరైన వినిపింతురా? అతనికి వైద్యుడు నీటిని కొలిచి ఇచ్చుచున్నాడు. మొదటి దినముననే ‘మీకు ఏ జబ్బులు ఉన్నవి’ అని ఒక్కసారి మర్యాదగా అడిగి, ఆ జవాబును మరువకుండుట యంత్రమునకు కష్టమైన పని కాదు.

ఇచట ఫోను ఎవరిదన్న ప్రశ్న వచ్చును. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, తాము స్వయముగా వాడుకొను మొబైలు ఫోను గల స్త్రీలు దేశమున నూటికి 54 మంది మాత్రమే. తక్కినవారిలో పలువురు భర్త ఫోనునో కొడుకు ఫోనునో వాడుదురు. అట్టి యింట తాళము వేసిన తెరమీద ‘మీ ఋతుక్రమము నాలుగు రోజులు ఆలస్యము’ అని కనబడినచో దాని పర్యవసానము ఏమగునో పాశ్చాత్యదేశపు నిర్మాతకు తట్టకపోవచ్చును, మనకు తట్టకపోవుట క్షమార్హము కాదు. పైతెరపై ‘ఒక గుర్తు’ అను రెండు మాటలకంటె హెచ్చు కనబడరాదు. లోపలి పుటకు వేరు తాళముండవలెను. ఈ రహస్యములు పైకి అమ్ముడుపోవుట వేరొక పాపము. వాడువారి ఆరోగ్యవివరములను, దాచెదమని మాట యిచ్చియు, ఫేస్‌బుక్కు, గూగులు మొదలైన వారికి చేరవేసినదన్న ఆరోపణపై ఫ్లో అను ఋతుచక్ర యాపు 2021లో అమెరికా ప్రభుత్వ వాణిజ్యసంఘముతో ఒడంబడికకు రావలసివచ్చినది. మన దేశములో 2017లో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమికహక్కుగా ప్రకటించినది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణచట్టము వచ్చినది. చట్టము అవసరమే. అయినను అడుగకుండ వదలిన ప్రశ్నకు దొంగభయము లేదు. కులము, ఆదాయము, పూర్తిపేరు, ఇంటి చిరునామా, ఇవి బీపీ అంకె వ్రాసికొనుటకు ఎందుకు కావలెనో ఎవరైనను నాకు వివరించినచో వినుటకు సిద్ధముగా నున్నాను.

తుదకు ఈ అంకెలన్నియు చేరవలసిన తావు, తొలగిపోయిన ఆ నడిమి మనిషియే. ప్రభుత్వాసుపత్రి ఓపీలో వైద్యునికి ఒక్కొక్కరికై దొరకునవి కొద్ది నిమిషములు. అతడు రోగి ఫోను తీసికొని పటములను వ్రేలితో జరుపుచు కూర్చుండలేడు. మూడునెలల వ్రాతను ఒక్క కాగితముమీదికి, రెండువైపుల కాదు, ఒక్కవైపునకే కుదించి అచ్చువేయించుకొను వీలు ప్రతి యాపులోను ఉచితముగా ఉండవలెను: ఉదయపు బీపీ సగటు, సాయంత్రపు సగటు, మానిన మాత్రల పేర్లు, వ్రాత లేని దినములు ఖాళీగానే. ఆ కాగితము తలమీద, అంకెలన్నిటికంటె పైన, రోగి తాను అడుగదలచుకొని గది లోపలికి పోగానే మరచిపోవు ఆ ఒక్క ప్రశ్నకు రెండు వరుసల చోటు విడువవలెను. అక్షరములు వైద్యుడు నిలుచుండి చదువుటకు వీలైనంత పెద్దవిగా నుండవలెను.